వర్క్‌షాపులో ఫోన్లు పెట్టెలో పెట్టించాలా, చేతికివ్వాలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడుకి ఏటీఓగా (అసిస్టెంట్ ట్రైనింగ్ ఆఫీసరుగా) చేరి రెండేళ్ళయింది. పిల్లల ఫోన్లన్నీ పొద్దున్నే పెట్టెలో వేయించి సాయంత్రం ఇవ్వాలని ప్రిన్సిపాల్ గారి ఆర్డరు. మీకేమో ఫోన్‌తో చాలా నేర్పొచ్చని నమ్మకం. ఎవరిది రైటు, ఆయనకి ఏం చెప్పి ఒప్పించాలి?

నేను ఇదే ట్రేడు ఇరవై ఆరేళ్ళు చెప్పి పోయినేడు రిటైరయ్యాను. ఫోన్లు లాక్కున్నాను, తిట్టాను, ఒకసారి కిటికీలోంచి విసిరేస్తానని బెదిరించాను కూడా. తర్వాత అవే ఫోన్లు అడిగి తీసుకుని పాఠం చెప్పాను. కాబట్టి మీ ప్రిన్సిపాల్ గారి బాధా తెలుసు, మీ ఉత్సాహమూ తెలుసు. నాకు తేలిందేమిటంటే, చేతిపని నేర్చుకునేవాడికి ఫోన్ తెర వల్ల ఒరిగేది కొంచెమే, దాని కెమెరా వల్ల ఒరిగేది చాలా ఎక్కువ. మీటింగుల్లో అందరూ తెర గురించే మాట్లాడతారు.

ముందు తెర సంగతి చూద్దాం. 2016 సెప్టెంబరులో జియో వచ్చేదాకా ఒక జీబీ డేటాకి రెండు వందల పైచిలుకు పెట్టినవాళ్ళం. ఆ తర్వాత రెండు బ్యాచ్‌లు తిరిగేసరికి నా క్లాసులో డబ్బా ఫోన్ ఉన్నవాడు కనబడకుండా పోయాడు. బస్ పాస్‌కి డబ్బుల్లేవన్న కుర్రాడి జేబులో కూడా టచ్ ఫోన్ ఉండేది. పాఠాల సరుకుకీ కొరత లేదు. ఐఐటీల వాళ్ళ వీడియో పాఠాల ఎన్‌పీటెల్ 2003 నుంచీ ఉంది. కేంద్రం వాళ్ళ ఆన్‌లైన్ కోర్సుల పోర్టల్ స్వయం 2017లో వచ్చింది. మన ఐటీఐల కోసమే డీజీటీ (కేంద్ర ప్రభుత్వ శిక్షణ విభాగం) వాళ్ళు 2019లో భారత్ స్కిల్స్ పోర్టల్ పెట్టారు. చెన్నైలో 1986 నుంచీ ఉన్న నిమి సంస్థ పుస్తకాలూ, వీడియోలూ, ప్రశ్నలూ కూడా ఫోన్‌లోకే వచ్చేశాయి. థియరీ పరీక్ష కంప్యూటర్ మీదకి మారాక మాక్ టెస్టులకి ఫోన్‌ని మించింది లేదు, అది ఒప్పుకోవాలి. బస్సులో ఊగుతూ యాభై బిట్లు చేసేస్తారు. చేసేసి, ‘ఎర్త్ వైరు రంగు ఆకుపచ్చ’ అని టిక్కు పెట్టినవాడే ప్లగ్ టాప్ చేతికిస్తే ఏ పిన్నుకి ఏ వైరో తడుముకుంటాడు. ఇది మీరూ చూసే ఉంటారు.

2020లో లాక్‌డౌన్ వచ్చినప్పుడు తెర మీదే అంతా నడిపాం. నేనూ ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద బోర్డు పెట్టి వీడియోలు తీశాను. మా ఆవిడ ఫోన్ పట్టుకుంటే నేను చెప్పేవాణ్ణి. అందులో ఒకటి ఇస్త్రీపెట్టె రిపేరు. ఎలిమెంట్ ఎలా చూడాలి, థర్మోస్టాట్ ఎక్కడుంటుంది, కార్డు ఎక్కడ తెగుతుంది, అన్నీ చక్కగా చూపించాను. మొదట్లోనే ‘స్విచ్ ఆపి విప్పండి’ అన్నాను. రెండు రోజుల తర్వాత ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. ‘సార్, స్విచ్ ఆపే విప్పాను సార్, అయినా కొట్టింది’ అన్నాడు. మోచెయ్యి వెళ్ళి గోడకి తగిలింది, అంతకు మించి ఏమీ కాలేదు. నాకు మాత్రం రాత్రంతా నిద్ర లేదు. మర్నాడు వాళ్ళ స్విచ్ బోర్డు ఫొటో పెట్టించుకుని చూస్తే సంగతి బయటపడింది. వాళ్ళింట్లో వైరింగ్ చేసినవాడెవడో స్విచ్‌ని న్యూట్రల్‌లో కట్టాడు. స్విచ్ ఆపినా ఫేజు నేరుగా సాకెట్ దాకా, అక్కణ్ణుంచి ఇస్త్రీపెట్టె దాకా వస్తూనే ఉంది. నేను వర్క్‌షాపులో ఉంటే నోటితో ఏమీ చెప్పకుండానే ముందు ప్లగ్ పీకేస్తాను. అది చేతికి అలవాటు, అందుకే చెప్పాలని కూడా తోచలేదు. వీడియోలో చెప్పకపోతే లేనట్టే. తప్పు నాదే. చూసేవాడి ఇంట్లో వైరింగ్ ఎలా ఉందో వీడియో తీసేవాడికి కనబడదు. ఆ వీడియో తీసేశాను. అప్పట్నుంచి ఇంట్లో చేసి చూడదగ్గ పనులు వేరు, నా కళ్ళ ముందే చేయాల్సిన పనులు వేరు అని గీత గీసుకున్నాను. విప్పడం, బిగించడం, కరెంటు తగిలే అవకాశమున్న ఏదైనా సరే రెండో వైపుకే వెళ్తుంది.

ఇక కెమెరా సంగతి.

మొదటి ఏడాది మొదటి నెలలో వైరు ఇన్సులేషన్ తీయడం నేర్పుతాం కదా. కత్తిని పెన్సిల్ చెక్కినట్టు వాలుగా పట్టి తొలచాలని ప్రతి బ్యాచ్‌కీ చెప్తాం, చేసి చూపిస్తాం. ఇరవై మందిలో సగం మంది కత్తిని నిటారుగా పెట్టి వైరు చుట్టూ గీత గీసి లాగేస్తారు. చూడ్డానికి శుభ్రంగానే వస్తుంది. కానీ లోపల రాగి మీద సన్నటి గాటు పడుతుంది, రెండు మూడు సార్లు వంచితే సరిగ్గా అక్కడే పుటుక్కుమంటుంది. ‘నిటారుగా పెడుతున్నావురా’ అంటే ‘లేద్సార్, వాలుగానే పెట్టాను’ అంటారు. అబద్ధమాడరు పాపం, వాళ్ళకి నిజంగా అలాగే అనిపిస్తుంది. ఒక రోజు విసుగొచ్చి ఒకడి ఫోన్ తీసుకుని వాడి చేతులు మాత్రమే కనిపించేలా నలభై సెకన్లు వీడియో తీసి వాడికే చూపించాను. వాడు మొదటిసారి నవ్వాడు, రెండోసారి చూసి ఊరుకున్నాడు, మూడోసారి కత్తి పట్టుకున్నాడు. నేను నెల రోజులు అరిచినా కుదరంది ఆ పూటకి కుదిరింది. అప్పట్నుంచి వైర్లు కలిపే రాట్ టైల్ జాయింటు, మ్యారీడ్ జాయింటు, బ్రిటానియా జాయింటు, అన్నిటికీ అదే పద్ధతి. ఇద్దరిద్దరు జతలు. ఒకడు చేస్తే ఒకడు తీస్తాడు, తర్వాత ఇద్దరూ కలిసి చూస్తారు. మొహం పడకూడదు, చేతులే పడాలి. మొహం పడితే వాళ్ళు పని మీద కంటే జుట్టు మీద ఎక్కువ దృష్టి పెడతారు.

రెండోది మోటారు విప్పడం. కాలిపోయిన త్రీ ఫేజ్ మోటారు వస్తుంది. 36 స్లాట్లు (కాయిల్స్ కూర్చునే గాడులు), 4 పోల్సు, అంటే పోల్ పిచ్ (ఒక పోల్‌కి వచ్చే స్లాట్లు) 9, ఒక్కో ఫేజుకి 12 స్లాట్లు. లెక్క అందరికీ వస్తుంది. పాత కాయిల్స్ కోసి పీకేశాక ఏ చివర ఎక్కడికి కలిసిందో గుర్తుండదు. పూర్వం మా గురువుగారు సుద్దముక్కతో స్టేటర్ (మోటారులో కదలని భాగం) మీద గుర్తులు పెట్టించేవారు. ఇప్పుడు ఫొటో తీసుకుంటే సరిపోతుందని మీకనిపిస్తుంది, నాకూ అలాగే అనిపించింది. ఏడాది తిరిగేసరికి తేడా పట్టుకున్నాను. ఫొటో తీసినవాడు ఇక మోటారు వంక చూడడు. ‘ఫొటో ఉంది కద్సార్’ అంటాడు. తీరా వైండింగ్ రోజున ఆ ఫొటో చూస్తే వార్నిష్ మెరుపులో వైర్లన్నీ ఒకటిగా కలిసిపోయి కనబడతాయి. లీడ్ వైరు వెనక్కి వంగి ఉంటుంది. ఎవరి వేలో సగం అడ్డం పడి ఉంటుంది. అందుకని వరస మార్చాను. ముందు కంటితో చూసి కాగితం మీద కనెక్షన్ డ్రాయింగ్ వేయాలి. తర్వాత ప్రతి లీడుకీ చీటీ కట్టి నంబరు రాసి, ఆ నంబర్లు కనిపించేలా ఫొటో తీయాలి. ఆఖరున డ్రాయింగునీ ఫొటోనీ పక్కపక్కన పెట్టి తప్పు ఎక్కడుందో వాళ్ళే వెతకాలి. డ్రాయింగులో తప్పు దొరికితే మార్కులు తగ్గించను. తప్పు దొరకబుచ్చుకున్నందుకు ఒక మార్కు కలుపుతాను. ఈ ఒక్క మార్పుతో రికార్డులు కాపీ కొట్టడం సగం తగ్గింది. ఎవడి మోటారు ఫొటో వాడిదే కదా.

కంటికి అందని వేగం చూపించడానికి స్లో మోషన్ ఉంది. మోటారుని ముందు స్టార్ కనెక్షన్‌లో మొదలెట్టి తర్వాత డెల్టాకి మార్చే స్టార్ డెల్టా స్టార్టర్ పాఠంలో, స్టార్ కాంటాక్టర్ (కరెంటుతో పనిచేసే స్విచ్) పూర్తిగా వదిలాకే డెల్టా పట్టుకోవాలని, రెండూ ఒకేసారి పడితే ఫేజులు షార్ట్ అవుతాయని, అందుకే ఒకటి పడితే రెండోది పడనివ్వని ఇంటర్‌లాక్ ఉంటుందని బోర్డు మీద రాసి చెప్తాం. పిల్లలకి వినిపించేది మాత్రం ఒక్క ‘టకటక్’. ముందు వైపు అక్రిలిక్ షీటు బిగించిన ట్రైనింగ్ బోర్డుకి రెండడుగుల దూరంలో ఫోన్ స్టాండు మీద పెట్టి, మేం పక్కకి తప్పుకుని స్లో మోషన్‌లో తీశాం. స్టార్ కాంటాక్టర్ నడుం బయటకి రావడం, ఒక క్షణం రెండూ ఖాళీగా ఉండటం, తర్వాత డెల్టా లోపలికి దిగడం విడివిడిగా కనబడ్డాయి. ఆ ఖాళీ చూసి ఒకమ్మాయి, ‘ఆ టైములో మోటారుకి కరెంటే లేదన్నమాట సార్, మరి ఆగిపోదేం?’ అని అడిగింది. రోటర్ (మోటారులో తిరిగే భాగం) తన ఊపు మీద తిరుగుతుంటుందని చెప్పడానికి అంతకంటే మంచి సమయం నాకెప్పుడూ దొరకలేదు. ఏ పుస్తకంలోనూ ఆ ప్రశ్న లేదు.

ట్రాన్స్‌ఫార్మర్ హమ్మింగ్ కూడా అంతే. జర్మనీలోని ఆఖెన్ యూనివర్సిటీ వాళ్ళు 2016లో విడుదల చేసిన ఫైఫాక్స్ అనే యాప్ ఉంది, ఉచితం. ఫోన్‌లో ఉన్న మైకు, అయస్కాంతం సెన్సరు, వెలుతురు సెన్సరు లాంటివాటినన్నిటినీ ల్యాబ్ పరికరాల్లా వాడుకోనిస్తుంది. మైకు ఆన్ చేసి కంచె ఇవతల నుంచే పెడితే గ్రాఫులో 100 హెర్ట్జ్ దగ్గర నిటారుగా ఒక గీత లేస్తుంది. మన సప్లయి 50 అయితే శబ్దం 100 ఎందుకొచ్చిందని అడగండి. అయస్కాంతం ఉత్తరం దక్షిణం మారినా లోపలి ఇనప కోరు సాగడం మాత్రం ఒకటే కాబట్టి, ఒక్కో సైకిల్‌కి రెండుసార్లు కదులుతుందని వాళ్ళ చేతే చెప్పించొచ్చు. ట్యూబ్ లైటుని స్లో మోషన్‌లో తీస్తే మిణుకుమిణుకుమనేదీ ఈ లెక్కే.

అయితే ఒక హెచ్చరిక. ‘ఫోన్‌తో కరెంటు ఉందో లేదో చూడండి’ అనే యాప్‌లు తిరుగుతున్నాయి. ఎర్త్ రెసిస్టెన్సు చూపిస్తామనేవీ ఉన్నాయి. వాటిని క్లాసులో అందరి ముందూ ఓపెన్ చేయించి, టెస్ట్ ల్యాంపుతోనూ మల్టీమీటర్‌తోనూ పోల్చి, అందరి ముందే డిలీట్ చేయించండి. ఫోన్‌లోని సెన్సర్లు చూసి అర్థం చేసుకోవడానికి పనికొస్తాయి. వాటిని నమ్మి వైరు మీద చెయ్యేస్తే ప్రాణం పోతుంది.

యూట్యూబ్‌ని ఆపలేం. తెలుగులోనే వైండింగ్ చానెళ్ళు బోలెడున్నాయి, కొందరు మేస్త్రీలు నాకంటే బాగా చెప్తారు. కొందరు ప్రాణాంతకమైన చిట్కాలూ చెప్తారు. అందుకని శనివారం ఆఖరి పీరియడ్‌లో ‘తప్పు పట్టండి’ అని ఒక ఆట పెట్టేవాణ్ణి. ఎవరైనా ఒక వీడియో తేవాలి, మిగతావాళ్ళు అందులో తప్పు పట్టాలి, ఎందుకు తప్పో కారణం చెప్పాలి. ఇంట్లో ఎర్తింగ్ లేకపోతే సాకెట్లో ఎర్త్ పిన్నునీ న్యూట్రల్‌నీ కలిపేయమన్న వీడియో ఒకటి ప్రతి బ్యాచ్‌లోనూ వచ్చేది. కామెంట్ల నిండా దండాలే. న్యూట్రల్ మధ్యలో తెగితే ఫ్రిజ్ బాడీ మొత్తానికి ఫేజు వస్తుందని సర్క్యూట్ గీసి చూపించినవాడికి ఆ రోజు టీ నేనిప్పించేవాణ్ణి. వీడియో చూడటానికి వెయ్యి మంది ఉంటారు. ఇలా తప్పు పట్టగలిగే కుర్రాడు రేపు పనిలో ఇంకొకరు కట్టిన బోర్డు విప్పినప్పుడు వాడి కన్ను నేరుగా తప్పు మీదకే వెళ్తుంది.

డేటా, స్టోరేజీ బాధలు మీకు చెప్పక్కర్లేదు. అరగంట వీడియో పంపితే ‘ఫోన్ ఫుల్ సార్’ అంటారు. తొంభై సెకన్లు దాటనివ్వకండి. వీడియో కంటే వాయిస్ మెసేజ్ మేలని నాకు ఆలస్యంగా తెలిసింది. ఆశా కార్యకర్తలకి ‘మొబైల్ అకాడమీ’ అని ఒక కోర్సు ఉంది, 2016 నుంచి దేశంలో చాలాచోట్ల నడిచింది. మామూలు డబ్బా ఫోన్‌లో, కాల్ చేసి వినే గొంతు పాఠాలు, మొత్తం సుమారు నాలుగు గంటలు, మధ్యమధ్యలో ప్రశ్నలు. తెరా లేదు, నెట్టూ లేదు. అది తెలిశాక రేపటి ప్రాక్టికల్‌కి ఏం తేవాలి, నిన్న ఎక్కడ తప్పారు అన్నది రెండు నిమిషాల వాయిస్‌లో చెప్పడం మొదలెట్టాను. మెసేజ్ చదవనివాడు కూడా సైకిల్ తొక్కుతూ వినేవాడు. (సైకిల్ తొక్కుతూ వినొద్దని ఇంకో వాయిస్ పెట్టాల్సొచ్చింది, అది వేరే సంగతి.)

మీ బ్యాచ్‌లో ఆడపిల్లలుంటే ఒకటి గుర్తుంచుకోండి. పద్నాలుగు నుంచి పద్దెనిమిదేళ్ళ పిల్లల మీద ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ అసర్ పేరుతో 2023లో చేసిన గ్రామీణ సర్వేలో దాదాపు 90 శాతం ఇళ్ళలో స్మార్ట్‌ఫోన్ ఉంది. కానీ ఫోన్ వాడటం వచ్చినవాళ్ళలో సొంత ఫోన్ ఉన్నది అబ్బాయిల్లో 43.7 శాతానికి, అమ్మాయిల్లో 19.8 శాతానికే. ఇంట్లో ఉన్న ఫోన్ అన్నదో నాన్నదో అయినప్పుడు రాత్రి తొమ్మిదింటికి మనం పంపే హోమ్‌వర్కు ఆ అమ్మాయి దాకా చేరదు. ‘నువ్వు మెసేజ్ చూడలేదా’ అని మర్నాడు పదిమందిలో అడిగితే ఆమె ఏం చెప్పుకుంటుంది? నేనలా అడిగాను, ఒకసారి కాదు. తర్వాత ఫోన్‌తో చేసే పని ఏదైనా వర్క్‌షాపు టైములోనే, జతలోని ఒక ఫోన్‌తోనే అయిపోయేలా మార్చుకున్నాను.

ఇక మీ ప్రిన్సిపాల్ గారి దగ్గరికి. ఆయన యునెస్కో రిపోర్టు చూపిస్తారేమో. 2023లో వచ్చింది, అప్పటికే నాలుగో వంతు కంటే కొంచెం తక్కువ దేశాలు బడుల్లో ఫోన్లు నిషేధించాయని అందులో ఉంది. ఒకసారి దృష్టి మళ్ళితే మళ్ళీ పాఠంలో పడటానికి ఇరవై నిమిషాల దాకా పట్టొచ్చని కూడా ఉంది. దాంతో వాదించకండి, అది నిజమే. పైగా మనకి దృష్టి మళ్ళడమంటే పాఠం పోవడం ఒక్కటే కాదు, వేలు పోవడం. నా కళ్ళ ముందే నిచ్చెన మీదున్న కుర్రాడి జేబులో ఫోన్ మోగితే వాడు అప్రయత్నంగా ఒక చెయ్యి వదిలాడు. కింద ఇద్దరు నిచ్చెన పట్టుకునున్నారు కాబట్టి సరిపోయింది. అందుకే నేనైతే పెట్టెకి అడ్డు చెప్పను. పెట్టె ఉండనివ్వండి, జతకి ఒక ఫోన్ మాత్రం బయట ఉంచనివ్వమని అడగండి. అది ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో, స్టాండు మీద, బెంచీకి ఆ చివర ఉంటుంది. సప్లయి ఉన్న బోర్డు దగ్గర ఎవరి చేతిలోనూ ఫోన్ ఉండదు. ఫొటో తీయాలంటే ఫ్యూజు క్యారియర్లు (ఫ్యూజు వైరు ఉండే పిడులు) పీకి మీ జేబులో వేసుకున్నాకే తీయాలి. తీసిన వీడియో ఏదీ స్టేటస్‌కి ఎక్కకూడదు. మొదటి తప్పుకి ఆ జత ఫోన్ నెల రోజులు పెట్టెలోకి పోతుంది. ఇవన్నీ కాగితం మీద రాసి, ఒక బ్యాచ్‌కి మూడు నెలలు మాత్రం పర్మిషన్ అడగండి. మొత్తం కాలేజీకి అడిగితే ఎవరూ ఇవ్వరు. మూడు నెలల తర్వాత ఆయన్ని పిలిచి, మొదటి వారం తీసిన జాయింటు వీడియో, పన్నెండో వారం తీసింది వరసగా చూపించండి.

స్టేటస్ సంగతి ఎందుకన్నానంటే, రేపు అప్రెంటిస్‌షిప్‌కి వెళ్తే చాలా ఫ్యాక్టరీల్లో గేటు దగ్గరే కెమెరా మీద స్టిక్కర్ అంటిస్తారు. లోపల ఫొటో తీస్తే ఆ రోజే ఇంటికి పంపేస్తారు. అదే ఫ్యాక్టరీలో మోటారు వేగాన్ని అదుపు చేసే డ్రైవ్ ఎర్రర్ కోడు చూపించి ఆగితే, సూపర్‌వైజర్ మాన్యువల్ ఫోన్‌లోనే వెతకమంటాడు. ఫోన్ ఎప్పుడు తీయాలో, ఎప్పుడు లోపల పెట్టాలో తెలియడం కూడా ట్రేడులో భాగమైపోయింది. సిలబస్‌లో లేదు కాబట్టి మనమే నేర్పాలి.

మీరు చివర్లో స్టాండ్లకి బడ్జెట్ లేదన్నారు. కొనకండి. పీవీసీ పైపు వంచడం మీకు ఎలాగూ ప్రాక్టికలే కదా. 20 ఎంఎం పైపు, వంచడానికి లోపల స్ప్రింగ్, అడుగున బరువుకి ఇసుక నింపిన జంక్షన్ బాక్సు, పైన ఫోన్ కూర్చోడానికి పాత కేసింగ్ కేపింగ్ (గోడ మీద వైర్లు దాచే ప్లాస్టిక్ పట్టీ) ముక్క. మా పిల్లలు పది చేశారు. మొదటి నాలుగూ ఫోన్ పెట్టగానే ముందుకి తూలాయి, బాక్సు పెద్దది వాడాక నిలబడ్డాయి. పైన ముక్కకి చిన్న ఇన్సులేషన్ టేపు చుట్టండి, లేకపోతే ఫోన్ జారుతుంది.